నేను కట్టని వాల్వు

పానా పక్కన పెట్టి రెండేళ్లయింది. మోకాళ్లు మొరాయించాయి, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. సూర్యాపేటలో మా గల్లీ వైపు ప్లంబింగ్ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. ఏ నల్లా మన్నుతుంది, ఏ పైపు పగలదు, కస్టమర్‌తో ఎట్లా మాట్లాడాలి అని అడుగుతారు. మొదటి రెండూ దుకాణంలో చెప్తారు. మూడోది నా దగ్గర నేర్చుకోకపోవడమే మంచిది. ఎందుకో ఇది చదివితే తెలుస్తుంది.

దుకాణంలో చెప్పని సంగతి ఒకటుంది. నల్లా విప్పే ముందు పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశావా, లేదా. ఇంత చిన్న సంగతికి ఇంత రాతా అనిపించవచ్చు. కోదాడలో సైదులు అని ఒక మనిషి ఉన్నాడు. తన ఇంట్లో తానే ఏ వస్తువునూ ముట్టుకోవడానికి భయపడుతూ బతుకుతున్నాడు. తాను చేయని తప్పును తాను చేశాననుకుంటున్నాడు. చేసింది నేను. ఆ తప్పును ఆయన మీద నుంచి తీసి నా మీద వేసుకోగలనా అని ఈ మధ్య వెళ్లి వచ్చాను. అది ఎట్లా ముగిసిందో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

దుకాణం నుంచి పానా దాకా

మాది కిరాణా దుకాణాల కుటుంబం. తాత దుకాణం నాన్నకూ ఆయన అన్నదమ్ములకూ పంచేసరికి ఎవరి వాటాకూ ఒక గుమ్మానికి మించి రాలేదు. నా దాకా వచ్చేసరికి నాలుక ఒక్కటే మిగిలింది. బేరం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. కొనని సరుకును చేత్తో ముట్టుకోవద్దని మా తాత చెప్పేవాడు. ముట్టుకుంటే అవతలివాడు దాన్ని నీకు అంటగడతాడట. ధర ముందు నువ్వు చెప్పవద్దు, అవతలివాడి చేత చెప్పించు అని కూడా చెప్పేవాడు. ఈ రెండు పాఠాలూ నన్ను ఏం చేశాయో ముందు ముందు చూస్తారు.

తులాలు, కిలోలు నా వల్ల కాక ఖాజా మేస్త్రి దగ్గర పనికి చేరాను. మొదటి రోజే నేను సామాను దుకాణంలో టేపు చుట్ట ధర తగ్గించమని అరగంట వాదించాను. అది చూసి ఆయన నాకు సేటు అని పేరు పెట్టాడు. ఎగతాళికి పెట్టిన పేరే ఊరూరా ఖాయమైంది.

మేస్త్రి పద్ధతి నాకు నచ్చేది కాదు. ఎంత చిన్న పనికైనా తానే మెట్లెక్కి వాల్వు కట్టేవాడు. కిందికి వచ్చి మార్చాల్సిన నల్లా పూర్తిగా తిప్పేవాడు. దాని ముందు గొంతుకు కూర్చుని బీడీ ముట్టించేవాడు. ధార సన్నబడి, చుక్కలై, చుక్కలు కూడా ఆగిపోయేదాకా పానా తీసేవాడు కాదు. ఒకసారి నన్ను పంపాడు.

"సేటూ, వాల్వు బంద్ చేసినవా?"

"చేసిన మేస్త్రీ."

"నువ్వు చెప్తే కాదు. నల్లా చెప్పాలె."

"ఒక్క నల్లాకు ఇన్ని బీడీలు తాగితే ఏం మిగుల్తది మేస్త్రీ?"

"నీకు మిగలాలె. నాకు పొద్దుమూకి ఇంటికి పోయి పండుకోవాలె. గంతే ఫరక్."

అప్పుడు నవ్వుకున్నాను. సొంతంగా పని మొదలుపెట్టాక ఆ పద్ధతిని మొదటి నెలలోనే వదిలేశాను.

ముట్టుకుంటే మనదే

మా వైపు నీళ్ల సంగతి ఈ పని చేసేవాళ్లకు తెలుసు. గిన్నెలో కాస్తే అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. వాల్వులో కూడా అంతే. ఇల్లు కట్టిన రోజు బిగించిన గేట్ వాల్వును పదేళ్లదాకా ఎవరూ తిప్పరు. తిప్పకపోతే బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే మెడ దగ్గర కారడం మొదలవుతుంది.

ఆ మొదటి నెలలోనే మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా ఇంట్లో స్నానాల గది నల్లా మార్చడానికి వెళ్లాను. బుద్ధిగా పైకెక్కి వాల్వు తిప్పాను. కట్టుబడింది. మళ్లీ తెరిచేసరికి మెడ దగ్గర నీళ్లు బొట్టుబొట్టుగా రాసాగాయి. గుమాస్తా పైకి వచ్చి చూశాడు.

"నువ్వు రాకముందు కారిందా?"

"లేదు సార్."

"నువ్వొచ్చినంక కారుతున్నదా?"

"కారుతున్నది సార్."

"ఇగ నేనేం మాట్లాడాలె?"

బస్తాల తూకం చూసే మనిషి ఆయన, మూడు ముక్కల్లో నన్ను తూచి పక్కన పెట్టాడు. ట్యాంకు ఖాళీ చేసి, కొత్త వాల్వు నా డబ్బుతోనే కొని బిగించి, ఒక పూటంతా పోగొట్టుకుని వచ్చాను. అక్కడ నేర్చుకోవాల్సింది, ముందుగానే ఇంటాయనను పైకి తీసుకెళ్లి వాల్వు చూపించి, ఇది పాతది, తిప్పితే కారవచ్చు, తిప్పమంటారా అని అడగాలని. నేను నేర్చుకున్నది మాత్రం తాత మాట. ముట్టుకుంటే మనదే. కాబట్టి ముట్టుకోవద్దు.

అప్పటి నుంచి పారే నీళ్ల మీదే నల్లాలు మార్చడం సాధన చేశాను. కొత్త నల్లాకు టేపు చుట్టి ఎడమ చేతిలో సిద్ధంగా పెట్టుకోవాలి. పాతదాన్ని చివరి చుట్టు దాకా వదులు చేసి ఒక్క ఊపులో తీసి, బొటనవేలు అడ్డం పెట్టి, కొత్తదాన్ని ఎక్కించాలి. బకెట్‌లో సగం నీళ్లు పోతాయి, చొక్కా తడుస్తుంది, పని అయిపోతుంది. చూసినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ట్యాంకులో నీళ్లు వృథా కావు కాబట్టి ఇంకా మెచ్చుకునేవాళ్లు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో ట్యాంకు ఖాళీ చేయని ప్లంబరే మంచి ప్లంబరు.

అయితే వాల్వు కట్టలేదంటే ఇల్లాళ్లు భయపడతారు. అందుకని మెట్లు సగం ఎక్కి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, దిగి వచ్చి "కట్టేసి వచ్చాను" అనేవాణ్ణి. ఎన్ని ఇళ్లలో ఆ మాట చెప్పానో లెక్క లేదు. ఆ సగం మెట్ల మీద ఊరికే నిలబడిన సమయమంతా కలిపితే అన్ని వాల్వులూ నిజంగానే కట్టి రాగలిగేవాణ్ణి. తెలివైనవాణ్ణి అనుకునేవాడి తెలివి ఇట్లాగే ఉంటుంది.

కోదాడ ఇల్లు

సైదులు మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. షుగరు కళ్లకు పాకి చూపు మసకబారడంతో స్టీరింగ్ వదిలేశాడు. నేను వెళ్లేనాటికి ఆరు నెలలు. చేతి పనిలో మాత్రం మొనగాడు. వీధిలో ఎవరి స్టవ్వు మండకపోయినా, ఎవరి మిక్సీ తిరగకపోయినా విప్పి బాగు చేసి ఇచ్చేవాడు. చూపు తగ్గాక కూడా వేళ్లతో తడిమి ఫ్యూజు వేసేవాడు.

ఆయన భార్య నాగమణిది కోదాడకు అవతల ఆంధ్ర వైపు ఊరు. మొగుడు ఇంట్లో కూర్చున్నాక ఆమె నాటుకోళ్లు పెంచుదామని పూనుకుంది. వంటింటి వెనక గది, వంటింటి కంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది. అందులో ఊక పరిచి, చుట్టూ రేకు నిలబెట్టి, పైన బల్బులు వేలాడదీసి, రెండు వందల దాకా కోడిపిల్లలను దింపింది. నేను వెళ్లిన రోజుకు అవి వచ్చి నాలుగు రోజులు. కార్తీక మాసం, పొద్దెక్కినా చలి తగ్గని రోజులు.

వంటింటి నల్లా కారుతోందని పిలిచారు. నేను అడిగినదాంట్లో సగం ఇస్తానంది నాగమణి. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆమె పిలుస్తుందని వెనక్కి చూశాను. పిలవలేదు. తానే గెలిచినట్టు పప్పు ఏరుకుంటూ కూర్చుంది. నేనే తిరిగి వచ్చాను.

"అన్నయ్యా, ట్యాంకు మాత్రం ఖాళీ చేయకండి. నీళ్లు మళ్లీ ఎల్లుండి గానీ రావు. బోరు మోటారు కాలిపోయింది."

"ఒక్క బిందెడు కూడ పోనియ్య చెల్లె. వాల్వు బంద్ చేసొస్త."

మెట్లు సగం ఎక్కాను. నిలబడ్డాను. దిగాను.

"కట్టేశారా?"

"కట్టిన."

అప్పుడే సైదులు వీధిలోంచి వచ్చాడు. పైన కోతుల చప్పుడు వినిపించింది. అవి ట్యాంకు మూతలు లాగేసి నీళ్లలో దిగుతాయి. ఆయన కర్ర పట్టుకుని, గోడ తడుముకుంటూ పైకి వెళ్లాడు.

నేను పాత నల్లాకు పానా వేసి తిప్పాను. నల్లా తిరిగింది కానీ దానితో పాటు గోడలో ఉన్న ఇనుప ముక్క కూడా తిరిగింది. తుప్పు తిని కాగితంలా అయిపోయిన ముక్క. గోడ లోపలే విరిగింది. నల్లా నా చేతిలోకి వచ్చింది. మణికట్టు లావున ధార నా ముఖం మీద కొట్టింది. కొత్త నల్లా ఎక్కించడానికి మరలు లేవు. బొటనవేలు ఆనలేదు. గుడ్డ కుక్కితే గుడ్డను తన్నేసింది.

"సైదులూ, కిందికి రావయ్యా," అని నాగమణి అరిచింది. నేను పైకి పరుగెత్తాను. మెట్ల మీద నేనూ సైదులూ ఒకరినొకరు రాసుకుంటూ దాటుకున్నాం.

వాల్వు చక్రం పట్టుకుని తిప్పాను. కదలలేదు. ఒళ్లంతా బలం పెట్టి తిప్పితే చక్రమే ఊడి చేతిలోకి వచ్చింది. లోపలి ఇరుసును పానాతో పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున బిగించుకుంటూ వచ్చాను. కట్టుబడేసరికి సగం ట్యాంకు కిందికి పోయింది. అప్పుడు నేనొక పని చేశాను. ఊడిన చక్రాన్ని మళ్లీ ఇరుసు మీద పెట్టి అరచేత్తో కొట్టి నిలబెట్టాను. చూసేవాళ్లకు అది ఎప్పుడూ అట్లాగే ఉన్నట్టు కనిపించాలని.

కిందికి వచ్చేసరికి వెనక గదిలో చీలమండ దాకా నీళ్లు. షాకు కొడుతుందని సైదులు మెయిన్ ఆపేశాడు, బల్బులు ఆరిపోయాయి. ఊక తేలుతోంది. ఊకతో పాటు పిల్లలు. బతికున్నవి రేకు అంచున ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి. మొగుడూ పెళ్లాం ఏరుతున్నారు. బతికినవి చాటలో, చచ్చినవి గంపలో. నేనూ వంగి ఏరాను. తడిసిన కోడిపిల్లకు బరువే ఉండదు. చాటలోవి కూడా చలికి ఒక్కొక్కటే మెడ వాల్చాయి. మధ్యాహ్నానికి గంప నిండింది. చాటలో పదో పన్నెండో మిగిలాయి, వాటిని నాగమణి చీర కుచ్చిళ్లలో పెట్టుకుని ఎండలో కూర్చుంది.

చాలాసేపటికి తలెత్తి అడిగింది. "కట్టేశానన్నారు కదా అన్నయ్యా."

ఆ క్షణంలో నేను కట్టలేదు చెల్లె అని ఉంటే తిట్టేది. వీధంతా చెప్పేది. కోదాడలో నా పని పోయేది. అంతే. నాకు అంతకంటే ఎక్కువ నష్టం ఉండేది కాదు. కానీ మా తాత మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

"నా చేత్తోని కట్టిన చెల్లె. గా తర్వాత పైకి ఎవలు పోయిండ్రు?"

నేనెవరి పేరూ చెప్పలేదు. ధర అవతలివాళ్ల చేతే చెప్పించాను.

ఆమె సైదులు వైపు తిరిగింది. ఆయన రెండు అరచేతుల్లో రెండు పిల్లలను పట్టుకుని ఊది ఊది వెచ్చబెడుతున్నాడు.

"వాల్వు ముట్టుకున్నావా?"

"కోతులొచ్చినయ్. మూత పెట్టిన."

"వాల్వు ముట్టుకున్నావా అంటున్నాను."

"ఏమో నాగమణీ. ఏదో పట్టుకున్న. కండ్లు సరిగ కనపడలే. తగిలిందేమో."

"నిన్నెవరు ఎక్కమన్నారు పైకి? కళ్లు లేవని తెలుసు కదా."

ఆయన తల వంచుకున్నాడు. నేను గోడ పగలగొట్టి కొత్త ముక్క వేసి, నల్లా బిగించి, కూలి వద్దన్నాను. ఆమె దాన్ని నా మంచితనం అనుకుంది.

ఆ తర్వాత

ఏడాదిన్నరకు మళ్లీ పిలిచారు, స్నానాల గదిలో పని. వెనక గది ఖాళీగా ఉంది. నాగమణి కోళ్ల జోలికి మళ్లీ పోలేదు, బట్టల దుకాణంలో పనికి కుదిరింది. సైదులు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా లేచి ఫాను వేసుకోలేదు.

"జర ఫాను ఎయ్యవా సేటన్నా," అన్నాడు.

స్విచ్చు ఆయన తలకు మూరెడు దూరంలో ఉంది.

పక్కింటామె మిక్సీ పట్టుకుని వచ్చింది, బాగు చేయించడానికి బజారుకు వెళుతూ. "మీ ఆయనకు ఇద్దామనుకున్నా గానీ వద్దులే," అని నాగమణితో నవ్వుతూ అంది. నాగమణి కూడా నవ్వింది. "ఆయన చెయ్యి పడితే ఏమవుతుందో మాకు తెలుసు కదా," అంది. పగతో అన్న మాట కాదు. చాలాసార్లు అని అని అరిగిపోయిన మాట. సైదులు కూడా నవ్వాడు.

ఆ రోజు చెప్పి ఉండవచ్చు. ఆమె లోపలికి వెళ్లాక చెబుదాం అనుకున్నాను. టీ తాగాక అనుకున్నాను. మళ్లీసారి వచ్చినప్పుడు అనుకున్నాను. నాతో నేను బేరమాడితే ప్రతిసారీ నేనే గెలుస్తాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడే చెప్పేస్తాను. వాల్వు బిగుసుకుందంటే బిగుసుకుందని చెప్పండి. పని పోతే పోనివ్వండి. పైకి ఎక్కలేకపోతే ఎక్కలేదని చెప్పండి. నల్లా తెరిచి, ధార ఆగేదాకా కూర్చోండి. ఆగకపోతే ట్యాంకు ఖాళీ చేద్దామనండి, వద్దంటే లేచి వచ్చేయండి. ఇల్లు కట్టే చోట వంటింటికి వేరే వాల్వు పెట్టమని కాంట్రాక్టరుతో గొడవపడండి. దండుగ ఖర్చని వాళ్లు కొట్టేస్తారు, పని దొరికితే చాలని మనం తలూపుతాం. నేను కూడా చాలా ఇళ్లలో తలూపాను. పైపు విరిగితే మళ్లీ వేయవచ్చు. విరిగినప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట విషయంలో జాగ్రత్త. నాది ఎన్నేళ్లుగానో ఆ కుటుంబం మోస్తోంది.

మొన్న చలికాలంలో బస్సెక్కి కోదాడ వెళ్లాను. నాగమణి వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సైదులు అదే కుర్చీలో ఉన్నాడు. చూపు ఇంకా తగ్గింది, గొంతు బట్టి గుర్తుపట్టాడు. మంచినీళ్లు తాగి, ఇక ఆపకుండా చెప్పేశాను.

"సైదులూ, గా దినం నేను వాల్వు కట్టలే. సగం మెట్లెక్కి దిగొచ్చిన. అబద్ధం చెప్పిన. గా వాల్వు తుప్పువట్టి బిగుసుకపోయి ఉండె. నీతోనే కాదు, ఎవలతోని గూడ తిరిగేది కాదు. నాకే పానా ఏస్తే గాని తిరగలే."

నాగమణి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. సైదులు మెల్లగా నవ్వాడు.

"నువ్వు మంచోనివి సేటన్నా. ఇన్నేండ్లకు కూడ యాదికుంచుకొని, నా కోసం అబద్ధమాడనీకె బస్సెక్కి వచ్చినవ్."

"అబద్ధం కాదే. నిజం చెప్తున్న."

"నాకు యాదుంది గదా. మూత పెట్టినంక కాలు జారింది. పడకుంట చక్రం వట్టుకున్న. సల్లగుండె. మూడు సుట్లు తిరిగింది. ఎన్కకు తిప్పుదామనుకునే లోపల్నే కింద నాగమణి ఒర్రుడు, పిలుసుడు మొదలైంది." గాలిలో చెయ్యి పెట్టి మూడు చుట్లు తిప్పి చూపించాడు. ఎంత వేగంగా తిరిగిందో కూడా చూపించాడు.

"చక్రం నా చేతికి ఊడొచ్చింది సైదులూ. మళ్ల నేనే పెట్టిన."

"నేను తిప్పినందుకే వదులైంది. గందుకే ఊడింది."

నేను ఇంకా రెండుసార్లు చెప్పి చూశాను. జీవితమంతా ఎందరి చేతనో లేనిపోని మాటలు నమ్మించిన నాలుక అది. ఒక్క నిజాన్ని ఒక్క మనిషికి అంటగట్టలేకపోయింది.

నాగమణి చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపింది. "ఇప్పుడు చెప్పి ఏం చేద్దామని వచ్చారన్నయ్యా?" అంది. గొంతు పెంచలేదు. "ఈయన నమ్మడు. నేను నమ్మాననుకోండి. ఇన్నాళ్లూ ఈయన్ని నేనన్న మాటలు ఎక్కడ పెట్టుకోను?"

ఆమె లేచి లోపలికి వెళ్లింది.

సైదులు నా చెయ్యి కోసం తడిమి పట్టుకున్నాడు. "నా వల్ల కోదాడల నీకు పేరు పోయింది. నీళ్లు కట్టకుండ పని చేస్తడని అనుకున్నరంట కొందరు. నేను ఎన్నడన్న చెప్పాల్సింది, సేటు తప్పేం లేదని. మాఫ్ చెయ్యన్నా."

నేను చెయ్యి విడిపించుకోలేదు. ఏమన్నానో గుర్తు లేదు. బస్సుకు వేళయిందని లేచాను. సాగనంపుతానని ఆయన కూడా లేచి, గోడ పట్టుకుని గేటు దాకా వచ్చాడు. అక్కడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. గడియ నేను తీసేదాకా అట్లాగే నిలబడ్డాడు.